40 వేల హెయిర్ స్టైలర్: డబ్బుకు తగ్గదేనా?

కర్నూలు పిల్ల:
డైసన్ కంపెనీ హెయిర్ స్టైలర్ ఎయిర్‌ర్యాప్ కొనాలని చాలా రోజులుగా డబ్బు దాచుకుంటున్నా. ధర 40 వేలు దాటింది. నా జుట్టు నడుము దాకా ఉంటుంది, పొద్దున్నే ఆరబెట్టి సర్దుకోవడమే పెద్ద పని. ఇంట్లో అందరూ దండగ అంటున్నారు. మీరేమంటారు?

కడప అన్న:
దండగే చెల్లెమ్మా. తలస్నానం చేసి మిద్దె మీద కాసేపు నిలబడితే మన ఎండకు జుట్టు దానంతటదే ఆరిపోతుంది. మా ఇంట్లో రెండు వేల స్ట్రెయిట్‌నర్‌తోనే పెళ్లిళ్లకు తయారవుతారు. ఎవరూ తేడా కనిపెట్టలేదు.

అనంతపురం పార్లర్ అక్క:
అన్నా, తేడా కనబడకపోవడం వేరు, జుట్టు బాగుండడం వేరు. పెళ్లికూతుళ్లకు జడలు వేసేదాన్ని, చివర్లు పట్టుకుంటే వేడి ఎంత తగిలిందో నాకు తెలిసిపోతుంది.

జుట్టు ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలనే బలహీనమైన బంధాలను వేడి సడలిస్తుంది. చల్లారేటప్పుడు అవి మనం తిప్పిన ఆకారంలో కుదురుకుంటాయి, తడి తగిలితే మళ్లీ విడిపోతాయి. అందుకే ఎంత ఖరీదైన మిషన్‌తో తిప్పిన కర్ల్ అయినా తలస్నానంతో పోతుంది. విశాఖలాంటి తేమ ఊళ్లలో అది నిలబడడమే కష్టం. మన పొడిగాలిలో మామూలు మిషన్ కర్ల్ కూడా బాగానే నిలుస్తుంది. కర్ల్ ఎక్కువసేపు ఉంటుందని మాత్రం అంత డబ్బు పెట్టకండి.

ఖరీదుకు అసలు కారణం వేడి అదుపు. 2018లో వచ్చిన ఎయిర్‌ర్యాప్ వేడిని 150 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వదు. వేగంగా వీచే గాలి వంపు తిరిగిన పైభాగాన్ని అంటిపెట్టుకుని సాగుతుంది, దాన్నే కోవాండా ప్రభావం అంటారు. దాని వల్ల గాలే జుట్టును బ్యారెల్ అనే గుండ్రటి గొట్టం చుట్టూ చుడుతుంది, కొంచెం తడిగా ఉన్నా వాడొచ్చు. పలకల స్ట్రెయిట్‌నర్లు కొన్ని 230 దాకా పోతాయి. తడిజుట్టును వాటి మధ్య పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు కడతాయి. అక్కడ తెగిపోతుంది, ఏ నూనె రాసినా అతుక్కోదు.

అయితే వేడి తగ్గించుకునే సెట్టింగ్ రెండు మూడు వేల మిషన్లలోనూ దొరుకుతుంది. జుట్టు పూర్తిగా ఆరాక 150, 180 మధ్య పెట్టి ఒక్కో పాయను ఒక్కసారే లాగండి. ఆన్, ఆఫ్ తప్ప ఏమీ లేని మిషన్‌ను మాత్రం ముట్టుకోవద్దు. పైగా పెళ్లిపీటల మీద మనకు పూలజడే కదా, జుట్టు వదిలేది రిసెప్షన్‌కే.

కర్నూలు పిల్ల:
అక్కా, ఏడింటికి బస్సెక్కేదాన్ని మిద్దె మీద ఎండ కోసం నిలబడలేను. నాకు కావాల్సింది టైం. మా సొంత అన్న ఫోన్‌కు ఇంతకంటే ఎక్కువ పెట్టినప్పుడు దండగ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు. నా జీతంతో నేను కొనుక్కునే వస్తువుకే ఆ మాట ఎందుకు?

అనంతపురం పార్లర్ అక్క:
అది న్యాయమైన మాట, నీ జీతం నీ ఇష్టం. కానీ టైం కోసమే అయితే ముందు మంచి డ్రయ్యర్ వాడి చూడు. అప్పటికీ ఎయిర్‌ర్యాప్ కావాలనిపిస్తే పొడవు బ్యారెల్ ఉన్నదే తీసుకో. పొట్టి బ్యారెల్‌కు నడుము దాకా ఉన్న జుట్టు ఒక పట్టాన చుట్టుకోదు, చిన్నచిన్న పాయలు తీయాల్సి వస్తుంది, నువ్వు మిగుల్చుకోవాలనుకున్న టైం అక్కడే పోతుంది. రిపేరు వస్తే కర్నూలులోనే చూస్తారా, హైదరాబాద్ పంపాలా అనేది డబ్బు కట్టకముందే అడుగు.