డీ అండ్ డీ టేబుల్ దగ్గర ఎక్స్ కార్డును ఎవరూ ముట్టుకోవట్లేదు, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో ఆదివారాలు ఐదుగురితో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కలిసి కథ నడిపే ఆట) ఆడిస్తుంటాను. పోయిన వారం కథలో పిల్లాణ్ణి ఎత్తుకుపోయే సన్నివేశం పెట్టాను. కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కసారిగా మాట్లాడటం మానేసింది. టేబుల్ మధ్యలో ఎక్స్ కార్డు ఉంది. దాన్ని ముట్టుకుంటే చాలు, కారణం అడక్కుండా ఆ సన్నివేశం వదిలేస్తామని ముందే చెప్పాను. అయినా ముట్టుకోలేదు. మిగతావాళ్లంతా పాత స్నేహితులు, వాళ్ల ముందు ఆట ఆపాలంటే మొహమాటం కాబోలు (నాకైనా అంతే).

సెషన్ జీరోలో (ఆట మొదలయ్యే ముందు అందరం కూర్చుని మాట్లాడుకునేది) కథలోకి ఏవి రాకూడదో అడిగితే అందరూ "మాకేం పర్లేదు" అనేశారు. ఈసారి పేరు రాయకుండా చీటీలు ఇమ్మంటే పని చేస్తుందా? ఆ అమ్మాయికి విడిగా మెసేజ్ పెట్టనా, లేక అది ఇంకా ఇబ్బంది పెట్టినట్టవుతుందా? ఆటలు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.