'రిడండెంట్' అంటే పనికిరానివాడనా?

హన్మకొండ చదువరి:
బర్మింగ్‌హామ్‌లో పనిచేస్తున్న మా పెద్దమ్మ కొడుకుకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. అతని ఉద్యోగం 'రిడండెంట్' అయిందట. పెద్దమ్మ పక్కింటి పిల్లవాడితో నిఘంటువు తీయించింది. 'అనవసరమైన, అవసరానికి మించిన' అని ఉంది. అప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదు. "అంత చదివించి పంపిస్తే మా వాడిని అనవసరం అంటారా" అని ఒకటే బాధ. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? తిట్టా, మామూలు ఆఫీసు మాటా? ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలి, వ్యాకరణం తక్కువైతే మేలు.

పాకాల కట్ట:
తిట్టు కాదు. ముందు ఆవిడను అన్నం తినమనండి.

ఆ మాట నీళ్లలో పుట్టింది. లాటిన్‌లో 'ఉండా' అంటే అల. దాని నుంచి 'రెడుండారే', నిండి పొర్లడం. సమృద్ధికి ఇంగ్లిష్ వాళ్లు వాడే 'అబండెన్స్', ముంపుకు వాడే 'ఇనండేషన్' కూడా ఆ అల సంతానమే.

నేను నర్సంపేట వైపు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. పెద్దమ్మకు మత్తడి అని చెప్పండి, చాలు. మా అంచనా కాగితాల్లో దాన్ని 'సర్‌ప్లస్ వియర్' అని రాసేవాళ్లం, ఏ రైతు నోటా ఆ మాట వినలేదు. మత్తడి గోడ పైఅంచు చెరువు నిండు మట్టానికి సరిగ్గా ఉంటుంది. ఆపైన వచ్చిన నీరు జానెడు మందాన గోడ దాటుతుంది. చేపలు ఎదురెక్కుతుంటే పిల్లలు కింద వలలు పట్టుకుని కాచుకుంటారు. దాటిపోయే నీరు చెడ్డదేమీ కాదు, గొలుసుకట్టులో కింది చెరువు నిండేది దానితోనే.

కొందరు ఆయకట్టు రైతులు ఇంకో తడికి నీళ్లు దక్కుతాయని రాత్రికి రాత్రే మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చేవారు. తెల్లారేసరికి చెరువు లోపలి అంచున ఉండే శిఖం భూముల్లో వరి మునిగేది, ఆ రైతులు కర్రలు పట్టుకుని వచ్చేవారు. బస్తాలు తీయించడం నా పని. ఇరుపక్షాల తిట్లూ నాకే. ఆ కథలు మొదలుపెడితే ఈ చర్చ మునుగుతుంది.

కాజీపేట సర్వర్:
మా దగ్గర ఇది తిరగబడుతుంది. సర్వర్ గదిలో రిడండెంట్ అంటే డబ్బు పోసి కావాలని పెట్టుకున్న అదనం. ఒక కరెంటు సరఫరా ఆగితే రెండోది అందుకుంటుంది. 1988లో బర్క్‌లీ పరిశోధకులు ప్రచురించిన 'రైడ్' పద్ధతి పేరులో మొదటి అక్షరం ఇదే. ఒక డిస్కు చెడినా సమాచారం పోకుండా మిగతావి కాపాడతాయి. ఆ ఉత్తరం రాసిన వాళ్లకు ఈ అర్థం ఎవరైనా చెబితే బాగుండును.

ఇంగ్లిష్ మాస్టారు:
నేను ఈ మాటను పిల్లలకు పునరుక్తి దోషం దగ్గర నేర్పుతాను. 'గేటు తలుపు', 'పాస్‌బుక్కు పుస్తకం' లాంటివి. కానీ మీ ఉత్తరంలోని అర్థం బ్రిటన్ చట్టానిది. అక్కడ రిడండెన్సీ చెల్లింపులకు 1965లోనే చట్టం వచ్చింది. సంస్థకు ఆ పని అవసరం తీరిపోయిందనో తగ్గిందనో చెప్పడం అది. క్రమశిక్షణ చర్య కింద తీసేస్తే ఈ మాట వాడరు. ఆ తేడా పెద్దమ్మకు గట్టిగా చెప్పండి. అయినా మనిషి చేతికిచ్చే కాగితంలో ఈ మాట నాకెప్పుడూ నచ్చలేదు.

అంతకంటే ముఖ్యమైనవి రెండున్నాయి. అదే యజమాని దగ్గర వరుసగా రెండేళ్లు పూర్తయి ఉంటే చట్టప్రకారం పరిహారం అడగవచ్చు. కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా అయితే, ఉద్యోగం ముగిశాక సాధారణంగా 60 రోజులకు కుదిస్తారు. మాట మూలం కంటే ముందు ఆ తేదీ కనుక్కోండి.

హన్మకొండ చదువరి:
రెండేళ్లు దాటింది మాస్టారూ, వీసా మాత్రం కంపెనీదే. ఈ రాత్రే ఫోను చేసి ఆఖరి పనిదినం ఎప్పుడో అడుగుతాను. పాకాల కట్ట గారూ, పెద్దమ్మ వాళ్ల ఊళ్లోనూ ఇసుక బస్తాల గొడవ జరిగిందట. పెద్దనాన్న ఏ పక్షమో మాత్రం చెప్పడం లేదు.