జెనోపస్ టాడ్‌పోల్ గుండెలో కర్ణికల మధ్య పొర కనిపించడం లేదు, సాయం చేయగలరా?

జెనోపస్ లీవిస్ అనే ఆఫ్రికా కప్ప పిండాల్లో గుండె గదులు విడిపోయే తీరు చూస్తున్నాను. 23 డిగ్రీల దగ్గర పెంచి, ఈ కప్ప ఎదుగుదల దశలకు అంకెలిచ్చే న్యూకూప్-ఫేబర్ పట్టిక ప్రకారం 46వ దశలో, అంటే ఫలదీకరణం తర్వాత సుమారు 106 గంటలకు తీశాను. ఎమ్మెస్-222తో మత్తిచ్చి, కణజాలం చెడకుండా నిలిపే ఫిక్సేటివ్‌గా 4% పారాఫార్మాల్డిహైడ్‌లో రాత్రంతా ఉంచి, పారాఫిన్‌లో 8 మైక్రాన్ల అడ్డుకోతలు తీసి, హిమటాక్సిలిన్-ఇయోసిన్ రంగు వేశాను.

జఠరిక బాగానే వచ్చింది: ఒకటే గది, లోపల కండర పోగులు స్పష్టంగా ఉన్నాయి. ఇబ్బందంతా కర్ణికలతోనే. ఈ దశకి వాటి మధ్య పొర ఉండాలి. నాకు మాత్రం గోడలు ముడుచుకుపోయి, లోపల రక్తకణాల ముద్ద కనిపిస్తోంది. ఒక్క పిండంలో, అదీ రెండు కోతల్లోనే, పైకప్పు నుంచి వెంట్రుకంత సన్నటి పోగు వేలాడుతోంది. అది పొరో, చిరిగిన గోడో ఎంత చూసినా తేల్చుకోలేకపోయాను.

మందం 5 మైక్రాన్లకు తగ్గించాను, నిలువు కోతలూ తీశాను, 47వ దశ దాకా కూడా ఆగాను. తేడా లేదు. మత్తిచ్చాక కూడా గుండె కొట్టుకుంటూనే ఉంది, ఫిక్సేటివ్ తగలగానే బిగుసుకుంటోంది. నా అనుమానం దాని మీదే.

ఫిక్స్ చేసే ముందు ఇంత చిన్న గుండెను గదులు తెరుచుకున్న స్థితిలో ఆపడానికి మీరు ఏ ద్రావణం, ఎంత గాఢతలో, ఎన్ని నిమిషాలు వాడతారు?