టార్గెట్ 33 నుంచి 35కి మార్చాక క్రాష్: మిన్, టార్గెట్, కంపైల్ ఎస్‌డీకేల్లో ఏది ఎందుకు పెంచాలి?

ప్రశ్న

ఆండ్రాయిడ్ ప్రాజెక్టు, కోట్లిన్. మాడ్యూల్ గ్రేడిల్ ఫైల్లో కంపైల్‌ఎస్‌డీకే 33, టార్గెట్‌ఎస్‌డీకే 33, మిన్‌ఎస్‌డీకే 21 ఉండేవి (ఈ అంకెలు ఆండ్రాయిడ్ వెర్షన్లకు గుర్తులు: 33 అంటే ఆండ్రాయిడ్ 13, 35 అంటే ఆండ్రాయిడ్ 15). ఒక లైబ్రరీని అప్‌డేట్ చేస్తే మానిఫెస్ట్ మెర్జర్ (యాప్, లైబ్రరీల మానిఫెస్ట్ ఫైళ్లను కలిపే దశ) దగ్గర బిల్డ్ ఆగింది. మిన్ 21 సరిపోదట, లైబ్రరీకి 23 కావాలట. పనిలో పనిగా మూడూ మార్చాను: కంపైల్ 35, టార్గెట్ 35, మిన్ 23. బిల్డ్ అవుతోంది. కానీ ఆండ్రాయిడ్ 15 ఫోన్లో టూల్‌బార్ స్టేటస్ బార్ కిందికి దూరిపోతోంది. ఫైళ్లు సింక్ చేసే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ (నోటిఫికేషన్ చూపిస్తూ వెనక నడిచే పని) మొదలవగానే యాప్ క్రాష్. ఆండ్రాయిడ్ 11 ఫోన్లో రెండూ బాగానే ఉన్నాయి. ఓవర్‌రైడ్‌లైబ్రరీ (లైబ్రరీ అడిగే మిన్‌ని పట్టించుకోవద్దని మెర్జర్‌కి చెప్పే సెట్టింగ్) వాడి మిన్‌ని 21 దగ్గరే ఉంచొచ్చా?

జవాబు 1

మీ రెండు సమస్యలూ టార్గెట్ వల్లే వచ్చాయండి. కంపైల్‌ఎస్‌డీకే అంటే కోడ్ రాసేటప్పుడు ఏ ఏపీఐలు కనబడాలన్నది. అది ఫోన్లో యాప్ ప్రవర్తనను మార్చదు. మిన్ అంటే యాప్ ఇన్‌స్టాల్ అయ్యే అతి పాత వెర్షన్. టార్గెట్ అంటే "ఈ వెర్షన్ కొత్త నియమాలకు నా యాప్ సిద్ధం" అని సిస్టమ్‌కి చెప్పడం. ఆ నియమాలు ఆండ్రాయిడ్ 11లో లేవు కాబట్టి అక్కడ ఏమీ తేడా రాలేదు.

33 నుంచి 35కి ఒకేసారి దూకడంతో రెండేళ్ల మార్పులు కలిసి మీద పడ్డాయి. క్రాష్‌కి కారణం టార్గెట్ 34తో వచ్చిన నియమం. మానిఫెస్ట్‌లో ఆ సర్వీస్‌కి ఫోర్‌గ్రౌండ్‌సర్వీస్‌టైప్ రాయాలి, మీకైతే డేటాసింక్. దానికి సరిపడే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ డేటా సింక్ పర్మిషన్ కూడా పెట్టాలి. టైప్ రాసి పర్మిషన్ మరిచిపోతే ఈసారి సెక్యూరిటీఎక్సెప్షన్ వస్తుంది. పైగా 35 టార్గెట్‌తో ఆండ్రాయిడ్ 15లో డేటాసింక్ సర్వీస్‌కి 24 గంటల్లో మొత్తం 6 గంటలే అనుమతి. ఆ గడువు అయ్యాక ఆన్‌టైమౌట్ పిలుపు వస్తుంది, అందులో స్టాప్‌సెల్ఫ్ చేయకపోతే మళ్లీ క్రాషే.

టూల్‌బార్ సంగతి టార్గెట్ 35ది: ఎడ్జ్ టు ఎడ్జ్ (సిస్టమ్ బార్ల కింద కూడా స్క్రీన్ అంచుల దాకా యాప్ పరుచుకోవడం) తప్పనిసరి అయింది. రూట్ వ్యూకి విండో ఇన్‌సెట్స్ (సిస్టమ్ ఆక్రమించే అంచుల కొలతలు) లిజనర్ పెట్టి, సిస్టమ్ బార్లు, డిస్‌ప్లే కటౌట్ కొలతలను ప్యాడింగ్‌గా ఇవ్వండి. దీన్ని ఆపే థీమ్ ఆప్షన్ ఒకటుంది కానీ టార్గెట్ 36కి వెళ్తే ఆండ్రాయిడ్ 16లో అది పనిచేయదు. ఇప్పుడే సరిచేసుకోవడం మేలు.

జవాబు 2

ఓవర్‌రైడ్‌లైబ్రరీ జోలికి వెళ్లకండి. అది మెర్జర్ నోరు మూయిస్తుందంతే. లైబ్రరీ లోపల 23లో వచ్చిన మెథడ్‌ని పిలిస్తే 21, 22 ఫోన్లలో నోసచ్‌మెథడ్ఎర్రర్‌తో యాప్ పడిపోతుంది, అదీ యూజర్ చేతిలో. ఆ లైబ్రరీని ఎస్‌డీకే_ఇంట్ చెక్ (ఫోన్ వెర్షన్ ఎంతో చూసే షరతు) వెనక మాత్రమే పిలుస్తున్నారని ఖాయంగా తెలిస్తే తప్ప వద్దు.

మిన్ 23 చేస్తే పాత ఫోన్లలో ఉన్న యాప్ పోదు, కొత్త అప్‌డేట్లు మాత్రం అందవు. ఇంకొకటి: మిన్ 26 కన్నా తక్కువ ఉన్నంతకాలం జావా టైమ్ క్లాసులకు కోర్ లైబ్రరీ డీషుగరింగ్ (కొత్త జావా క్లాసులను పాత ఫోన్లలోనూ పనిచేయించే బిల్డ్ ఆప్షన్) ఆన్ చేయాలి. లేకపోతే ఆండ్రాయిడ్ 7లో అవి దొరకవు. లింట్ (కోడ్‌లో తప్పులు వెతికే టూల్) చూపించే న్యూఏపీఐ ఎర్రర్లను సప్రెస్ చేసి దాటేయకండి, ఇలాంటివి ముందుగా పట్టేది అదే.

ప్రశ్న అడిగినవారు

కంపైల్ 35 ఉంచి టార్గెట్ మళ్లీ 33 చేశాను, రెండు సమస్యలూ పోయాయి. ఇలాగే వదిలేయొచ్చా?

జవాబు 1

టెస్టింగ్ వరకు సరే. ప్లే స్టోర్‌కి కుదరదు: 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లకూ అప్‌డేట్లకూ టార్గెట్ కనీసం 35 ఉండాలన్నది నియమం. ముందు 34 చేసి, సర్వీస్ సరిచేసి, రిజిస్టర్‌రిసీవర్ (బ్రాడ్‌కాస్ట్ సందేశాలు వినే రిసీవర్‌ని నమోదు చేసే మెథడ్) పిలుపులన్నీ వెతకండి. మీ సొంత బ్రాడ్‌కాస్ట్‌ల కోసం కోడ్‌లో రిజిస్టర్ చేసే రిసీవర్లకు ఎక్స్‌పోర్టెడ్ లేదా నాట్ ఎక్స్‌పోర్టెడ్ ఫ్లాగ్ ఇవ్వకపోతే 34లో అదీ క్రాషే. ఆ తర్వాతే 35.

జవాబు 3

టార్గెట్ మార్చకుండానే ఒక్కో నియమాన్నీ విడిగా పరీక్షించొచ్చు. ఫోన్ డెవలపర్ ఆప్షన్స్‌లో యాప్ కంపాటిబిలిటీ చేంజెస్ తెరిచి, మీ డీబగ్ బిల్డ్ ఎంచుకుంటే మార్పులన్నీ స్విచ్‌లుగా కనిపిస్తాయి. ఒకటి ఆన్ చేయండి, యాప్ మళ్లీ తెరవండి, ఏం విరిగిందో చూడండి. గ్రేడిల్ ప్లగిన్ పాతదైతే కంపైల్ 35 దగ్గర హెచ్చరిక ఇస్తుంది, 8.6 లేదా పైది వేసుకోండి.