ఫైన్‌స్టీన్: మేయర్ అనుభవం సెనేట్‌లో కలిసొచ్చిందా?

నగరపాలన:
డయాన్ ఫైన్‌స్టీన్ 1978 నుంచి 1988 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో మేయరు. 1992లో అమెరికా సెనేట్‌కి గెలిచి, 2023లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. తుపాకుల విషయంలో ఆమె పట్టుదల సిటీ హాల్లోనే పుట్టిందని నా వాదన. 1978 నవంబరు 27న మేయర్ మోస్కోనీ, నగర బోర్డు సభ్యుడు హార్వీ మిల్క్ హత్యకు గురైన రోజు మిల్క్ మృతదేహాన్ని చూసింది ఆమే. మేయరుగా 1982లో నగరంలో చేతి తుపాకులు నిషేధించారు. అది రాష్ట్ర చట్టం పరిధి, నగరం వేలు పెట్టకూడదని కోర్టు కొట్టేసింది. నిషేధం నచ్చనివాళ్లు 1983లో ఆమెను పదవి నుంచి దించాలని రీకాల్ ఎన్నిక తెస్తే 80 శాతం పైగా జనం ఆమె పక్షానే నిలిచారు. అంత బలమున్నా నగరం స్థాయిలో పని జరగదని తేలిపోయింది.

గోదారిగట్టు:
పట్టుదల సరేనండీ, చేతికొచ్చిన చట్టం చూడండి. యుద్ధ తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకుల మీద ఆమె సెనేట్‌లో తెచ్చిన 1994 నిషేధంలో పేర్లతో చెప్పినవి 19 రకాలు. మిగతా రైఫిళ్లకి ఒక లెక్క పెట్టారు: మ్యాగజైను (తూటాల పెట్టె) ఊడదీసే వీలుండి, పిస్టల్ గ్రిప్పు, మడిచే బట్ (భుజానికి ఆనించే వెనక భాగం), బాయినెట్ బిగించే చోటు, ఫ్లాష్ సప్రెసర్ (కాల్చినప్పుడు వచ్చే మెరుపును తగ్గించేది), గ్రెనేడ్ లాంచర్‌లలో ఏ రెండున్నా నిషేధం. కంపెనీలు బాయినెట్ చోటు, సప్రెసర్ తీసేసి గ్రిప్పు ఒక్కటే ఉంచాయి. అదే తుపాకీ, దర్జాగా అమ్ముకున్నాయి. 10 తూటాలు దాటే మ్యాగజైన్ల మీద ఆంక్షే నిజంగా ప్రాణాలు కాపాడగలిగేది. కానీ అప్పటికే తయారైనవన్నీ అమ్మకంలోనే ఉండిపోయాయి. మేయరుగా కేబుల్ కార్లను 1982లో ఆపించి, పట్టాలు, యంత్రాలు మార్పించి, 1984లో మళ్లీ నడిపించిన మనిషి సెనేట్‌లో సగం పనికి ఒప్పుకున్నారు.

నగరపాలన:
ఒప్పుకోకపోతే ఆ సగమూ ఉండేది కాదు. 1994 మేలో ప్రతినిధుల సభలో ఈ నిషేధం గట్టెక్కింది 216-214తో! వేటగాళ్ల తుపాకులు వందల రకాలను పేర్లు రాసి మరీ మినహాయించారంటే ఆ రెండు ఓట్ల కోసమే. ఆమెకు తుపాకుల గురించి తెలియదన్నట్టు సెనేటర్ లారీ క్రెయిగ్ మాట్లాడితే, మిల్క్ నాడి కోసం వెతికి తూటా రంధ్రంలో వేలు పెట్టిన సంగతి సభలోనే చెప్పారు. ఆ మాట అనగల అర్హత సిటీ హాల్లోనే వచ్చింది.

కొత్తసభ్యుడు:
2013లో ఆమె రెండు లక్షణాల లెక్కను ఒకటికి తగ్గించి బిల్లు పెట్టారు. లొసుగు సరిగ్గా పూడ్చారు. సెనేట్‌లో 40-60తో ఓడిపోయింది.

గోదారిగట్టు:
అందుకే నా అభ్యంతరం 1994లో పెట్టిన, పదేళ్లకు చట్టం దానంతటదే ముగిసిపోయే గడువు మీద. అది లేకుంటే 2004లో చట్టాన్ని తీసెయ్యడానికి అవతలివాళ్లు ఓట్లు కూడగట్టుకోవలసి వచ్చేది. గడువు ఉండబట్టి ఊరికే కూర్చున్నా చాలింది.