మసమన్ కూరలో గరం మసాలా వేస్తే అది మసమనేనా?

సెలవుల వంట:
మొన్న ఆదివారం మా ఇంట్లో మసమన్ వండాను. తెలియనివారి కోసం రెండు మాటలు: ఇది థాయిలాండ్ కూర. కొబ్బరిపాలలో మాంసం, బంగాళాదుంపలు, వేరుశనగ పప్పు వేసి వండుతారు. తక్కిన థాయి కూరల్లో అంతగా కనిపించని దాల్చిన చెక్క, లవంగాలు, యాలకులు, జాజికాయ ఇందులో దండిగా పడతాయి. కిలో మేకమాంసం తెచ్చాను. అసలు మసమన్ ముద్ద మా ఊళ్ళో దొరకదు. అందుకని నానబెట్టిన ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి నూరి వేయించి, దించేముందు రెండు చెంచాల ఇంటి గరం మసాలా చల్లాను. చింతపండు, బెల్లం సరేసరి. పిల్లలు గిన్నె ఊడ్చేశారు. ఫోటో చూసిన స్నేహితుడు మాత్రం, “ఇది మసమన్ కాదు, కొబ్బరిపాలు పోసిన మన మాంసం కూర” అని తేల్చేశాడు. దినుసులన్నీ మన పోపులపెట్టెలో ఉన్నవే అయినప్పుడు మన పొడి వేస్తే తప్పేమిటి?

బ్యాంకాక్ బాటసారి:
మీ స్నేహితుడిదే నా మాట కూడా. ఆరేళ్ళు అక్కడ ఉద్యోగం చేసి వచ్చాను. దుంపరాష్ట్రం (అల్లంలాంటి దుంప) లేదు, నిమ్మగడ్డి లేదు, రొయ్యల ముద్ద లేదు, చివర్లో పడాల్సిన చేప సాస్ లేదు. ఇక మిగిలింది ఏమిటి? యాలకులు కూడా వేరండీ. అక్కడివి తెల్లగా, గుండ్రంగా ఉంటాయి, మన ఆకుపచ్చ యాలకులంత ఘాటు ఉండదు. మీ కూర రుచిగా ఉండి ఉండవచ్చు, కాదనను. పేరు మాత్రం మార్చండి. పెసరట్టుకి మైదా కలిపి పెసరట్టు అంటే మనం ఊరుకుంటామా?

పాతబస్తీ దాల్చా:
బాటసారి గారూ, పెసరట్టు పోలిక ఇక్కడ అతకదు. మసమన్ పుట్టుకే కలగలుపు. ఆ పేరు ‘ముసల్మాన్’ అనే మాట నుంచి వచ్చిందన్నదే ఎక్కువమంది చెప్పే వివరణ. 17వ శతాబ్దం మొదట్లో షేక్ అహ్మద్ అనే పారశీక వర్తకుడు సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజధాని అయుత్థయకి వెళ్ళి, రాజు కొలువులో పెద్ద పదవికి ఎదిగాడు. అక్కడి బున్నాగ్ వంశానికి మూలపురుషుడు ఆయనే. అలాంటివారి ఇళ్ళలోని మసాలా దినుసులు సయాం రోట్లో నిమ్మగడ్డితో కలిశాయి. మిరపకాయ, వేరుశనగ, బంగాళాదుంప మూడూ అమెరికా ఖండం నుంచి వచ్చినవి. అలాంటి పంటల్ని ఇటు తెచ్చిన పోర్చుగీసువారు అయుత్థయ చేరింది 1511లో. ఇన్ని చేతులు పడ్డ కూర దగ్గర మా గరం మసాలాని మాత్రమే గుమ్మంలో ఆపుతారా? మా ఇంట్లో దాల్చా అమ్మ ఒకలా చేసేది, మేనత్త ఒకలా. రెండూ దాల్చాయే.

బందరు లడ్డు:
మా ఊరి మాట ఎవరూ ఎత్తలేదేమిటి? గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. మా అద్దకం బట్టలు ఓడలెక్కి, అప్పట్లో సయాం ఏలుబడిలో ఉన్న మెర్గుయి, తెనాసెరిమ్ రేవులకి చేరి, అక్కడి నుంచి నేలదారిన అయుత్థయకి వెళ్ళేవి. 1680లలో సయాంకీ గోల్కొండకీ సముద్రం మీద యుద్ధం కూడా నడిచింది. అంత రాకపోకలు ఉన్నప్పుడు వంట మాత్రం ఒడ్డునే ఆగిపోతుందా? మసమన్ మనదే అని నా గట్టి నమ్మకం.

రోకలి:
లడ్డు గారూ, బట్ట వెళ్ళిందంటే ఒప్పుకుంటాను, దానికి ఐరోపా వర్తక కంపెనీల చిట్టాలున్నాయి. కూర వెళ్ళిందనడానికి చిట్టా చూపించండి. దొరికే పాత ఆనవాలు అక్కడి కవిత్వంలోనే ఉంది. తర్వాత రెండవ రామ రాజుగా సింహాసనం ఎక్కిన యువరాజుకి ఆపాదించే 18వ శతాబ్దం చివరి పద్యాల్లో, ప్రియురాలు వండిన మసమన్ నుంచి జీలకర్ర వాసన గుప్పుమంటుంది. జీలకర్రని వాళ్ళు ‘యీరా’ అంటారు. చెవికి ‘జీరా’ లాగే లేదూ?

ఇక అసలు విషయం. మీరందరూ ఏ దినుసు పడింది అని కొట్టుకుంటున్నారు, ఎప్పుడు పడింది అని ఎవరూ అడగలేదు. మనం గరం మసాలా చివర చల్లేది మూత తీయగానే ముక్కుకి తగలాలని. మసమన్‌లో అలా కాదు. ధనియాలు, జీలకర్ర, లవంగాలు, చెక్క విడివిడిగా దోరగా వేయించి, పొడికొట్టి, ముద్దలోనే నూరతారు. ఆ ముద్ద కొబ్బరి నూనెలో వేగుతుంది, తర్వాత మాంసంతో పాటు గంటకు పైగా ఉడుకుతుంది. ఈ దినుసుల సువాసన నూనెలో దిగినంతగా నీళ్ళలో దిగదు. అందుకే మసమన్ తిన్నప్పుడు లవంగం ఎక్కడుందో వేలు పెట్టి చూపలేము, మింగాక నాలుక వెనక వెచ్చగా తెలుస్తుంది. వంట గారూ, కిలోకి రెండు చెంచాలు చివర్లో వేశారు కదా, కాస్త చేదు తగిలిందా? నిజం చెప్పండి. మీ పొడిలో అసలు ధనియాలు ఉన్నాయా?

సెలవుల వంట:
తగిలింది. బెల్లం ఇంకో ముక్క వేసి కప్పిపుచ్చాను. ధనియాలు లేవు. మరో అనుమానం: కొబ్బరిపాలు ఎంత మరిగించినా నూనె తేలలేదు. డబ్బా పాలు వాడాను.

రోకలి:
అదే అనుకున్నాను. చాలా డబ్బా పాలలో నూనె, నీరు విడిపోకుండా జిగురు పదార్థాలు కలుపుతారు, అవి పొద్దుగూకేదాకా మరిగినా అంతే. కాయ కొట్టి, కోరి, మొదటి పాలు వేరుగా, రెండో పాలు వేరుగా తీయండి. మొదటి పాలు బాణలిలో పోసి సన్నని మంట మీద వదిలేయండి. ముందు పెద్ద బుడగలు వస్తాయి. నీరు ఇగిరేకొద్దీ బుడగలు చిన్నవై, బుడబుడమనే చప్పుడు చిటపటలోకి మారుతుంది. అంచుల్లో ఆవగింజంత నూనె చుక్కలు కనబడతాయి. ముద్ద అప్పుడు వేయండి, అంతకుముందు వద్దు. మేకమాంసం రెండో పాలలో ఉడకాలి. బంగాళాదుంపలు చివరి ఇరవై నిమిషాలకి.

బ్యాంకాక్ బాటసారి:
రోకలి గారి పద్ధతికి ఒప్పుకుంటాను. పేరు దగ్గర మాత్రం దిగిరాను. ఎంత పద్ధతిగా వేయించినా నిమ్మగడ్డీ దుంపరాష్ట్రమూ లేనిది మసమన్ కాదు. నిమ్మగడ్డి కుండీలో కూడా పెరుగుతుంది. దుంపరాష్ట్రం ఎండుముక్కలు మూలికల అంగడిలో అడగండి. రొయ్యల ముద్ద దొరకకపోతే ఎండు రొయ్యలు వేయించి నూరండి, అది సర్దుబాటేనని ఒప్పుకుంటూ.

పాతబస్తీ దాల్చా:
ఎండు రొయ్యలకి సర్దుబాటు ఉందట, గరం మసాలాకి లేదట! బాగుందండీ న్యాయం.

బ్యాంకాక్ బాటసారి:
ఉప్పురుచి ఎటునుంచి వచ్చినా ఉప్పురుచే. లవంగం చేదుకి ఆ మాట చెల్లదు.

సెలవుల వంట:
మళ్ళీ వండాను. రెండు కాయలు కొట్టి పాలు తీశాను. దుంపరాష్ట్రం మూలికల కొట్లో దొరికింది, కట్టి ఇస్తూ దగ్గుకా అని అడిగారు. నిమ్మగడ్డి పక్కింటివారి కుండీలోది. దినుసులు వేయించి ముద్దలో నూరాను, గరం మసాలా డబ్బా మూత తీయలేదు. నూనె తేలింది, చిటపట కూడా విన్నాను. చేదు లేదు. చేప సాస్ లేదు కాబట్టి బాటసారి గారు ఇప్పటికీ పేరు ఒప్పుకోరని తెలుసు. మా అత్తయ్య రెండు ముద్దలు తిని, “కూర బాగానే ఉంది కానీ, మాంసంలో బెల్లం ఎవరు వేయమన్నారమ్మా?” అన్నారు.