దమ్మిడీకి డకార్‌లో ఒక చుట్టం

"దమ్మిడీ హిందీ మాట కదా, మనకెందుకు?" అని నిన్న ఒక మిత్రులు అడిగారు. హిందీ దమ్‌డీ నుంచే వచ్చింది, నిజమే. దాని వెనక దామ్ ఉంది, ఆ వెనక సంస్కృతంలో ద్రమ్మ, ఇంకా వెనక గ్రీకుల ద్రఖ్మా. అదే గ్రీకు మాట అరబ్బుల దగ్గర దిర్హమ్ అయింది. అక్కణ్ణుంచి పశ్చిమాఫ్రికాకు వెళ్ళి, సెనెగల్‌లో వొలోఫ్ వాళ్ళ నోట "డెరెమ్" అయింది. ఇంత దూరపు చుట్టరికం ఉన్న మాటను బయటికి పొమ్మనడం నాకు మనసొప్పదు.

డెరెమ్ అంటే ఐదు ఫ్రాంకులు (ఫ్రాంకు అక్కడి డబ్బు). సెనెగల్‌లో అధికార భాష ఫ్రెంచి. వొలోఫ్, పులార్, సెరేర్, జోలా, మాలింకే, సోనింకే భాషలను రాజ్యాంగం జాతీయ భాషలుగా పేరుపెట్టి చెప్పింది. బజార్లో మాత్రం ఎక్కువగా వినబడేది వొలోఫే. రాజధాని డకార్‌లో మామిడిపళ్ళ కుప్ప చూపించి "న్యాటా లా?" (ఎంత?) అని అడిగితే, అమ్మే ఆవిడ "తేమేర్" అంటుంది. తేమేర్ అంటే వంద. అలాగని వంద ఫ్రాంకులు చేతిలో పెడితే సరిపోదు. వంద డెరెములు ఇవ్వాలి, అంటే 500 ఫ్రాంకులు. డెరెమ్ అన్న మాట పైకి అనక్కర్లేదు, అందరికీ తెలుసు. "న్యారి తేమేర్", రెండు వందలు, అంటే వెయ్యి ఫ్రాంకుల నోటు. "జున్ని", వెయ్యి, అంటే 5000. ఆవిడే ఫ్రెంచిలో చెబితే నోటు మీద ఉన్న అంకే చెబుతుంది. నోటు అదే, భాష మారితే లెక్క మారిపోతుంది!

మనకిది కొత్తేం కాదు. 1957లో నయాపైసలు వచ్చాక కూడా 75 పైసల్ని మా అమ్మమ్మ ముప్పావలా అనే అనేది. అణాలు పోయి ఇన్నేళ్ళయినా "పదహారణాల తెలుగు" అంటూనే ఉన్నాం.

— వొలోఫ్‌లో ఆరుని "ఐదూ ఒకటి" అంటారని ఎక్కడో చదివాను సార్. డబ్బుని ఐదేసి చొప్పున లెక్కపెట్టడం అందుకేనా?

— మంచి ప్రశ్న అడిగారమ్మా. జురోమ్ ఐదు, బెన్ ఒకటి, జురోమ్ బెన్ ఆరు. మీరు చదివింది నిజమే. కానీ డబ్బు లెక్క దానివల్ల కాదు, ఐదు ఫ్రాంకుల నాణెం వల్ల. పక్కనే మాలీలో బంబారా చూడండి. అందులో ఆరుకి "వోరో" అని విడిగా ఒక మాట ఉంది, ఐదుతో దానికి పనిలేదు. అయినా వాళ్ళూ డబ్బుని ఐదేసి ఫ్రాంకుల లెక్కనే చెబుతారు. ఆ ఐదు ఫ్రాంకులకి వాళ్ళ పేరు "దొరొమె". అదీ దిర్హమే.